మడమ లేచినా వెన్ను నిలవాలంటే

రామప్ప గుడికి వెళ్లినవాళ్లకు గైడ్లు తప్పకుండా చూపించే బొమ్మ ఒకటుంది. స్తంభాల మీంచి చూరు వైపు ఏటవాలుగా నిలిపిన నల్లరాతి మదనికల్లో (స్త్రీ శిల్పాల్లో) ఒకామె కాళ్లకు మడమ దగ్గర ఎత్తుగా ఉన్న పాదరక్షలు కనిపిస్తాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటే మన దగ్గర హైహీల్స్ ఉన్నాయని గైడు చెప్పగానే ఫోన్లన్నీ ఆమె పాదాల వైపు తిరుగుతాయి. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

పాదరక్షల సంగతి అలా ఉంచి, ఆ మదనికల నిలుపు చూడండి. నడుము ఒక పక్కకు ఒరిగితే ఛాతీ రెండో పక్కకు మళ్లుతుంది, మెడ మళ్లీ మొదటి పక్కకు తిరుగుతుంది. నాట్యంలో దీన్ని త్రిభంగం అంటారు. మూడుచోట్ల వంగినా ఆ ఒంట్లో తూలుడు కనిపించదు. ఒక వంపు పక్కకు తోసిన బరువును తర్వాతి వంపు తిరిగి పాదాల మీదికి తెచ్చి పెడుతుంది. ఎత్తు మడమల మీద ఆడేవాళ్లకు కావలసిన విద్య ఇదే.

ఆ అవసరం ఇప్పుడు ఎక్కువగా కనిపించేది పెళ్లిళ్లలో. హైదరాబాద్ పడమటి శివారులో కొండకల్ నుంచి శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు ఏ రోడ్డు పట్టినా ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌసులు ఎదురవుతాయి. సంగీత్ రాత్రి అక్కడ డీజే మోగుతుంటే లెహంగాల కింద మూడంగుళాల హీల్స్‌తో స్టెప్పులు పడతాయి. నాలుగు పాటలయ్యేసరికి చెప్పులు కుర్చీల కింద చేరతాయి, అమ్మాయిలు నడుము పట్టుకుని కూర్చుంటారు. అవే ఊళ్లలో బోనాలప్పుడు వాళ్ల అమ్మలు, అత్తలు నెత్తిన బోనంతో డప్పు దరువుకు గుడిదాకా ఆడుతూ పోతారు. ఒంటిని నిలబెట్టే విద్య ఇంట్లోనే ఉంది. దాన్ని హీల్స్ దాకా తీసుకురావడమే మిగిలింది.

మడమ లేస్తే ఒంట్లో జరిగేది

మడమను చెప్పు రెండు మూడంగుళాలు పైకి లేపగానే ఒంటి బరువు పాదం ముందు భాగం మీదికి జారుతుంది. చీలమండ కీలులో కూర్చునే ఎముక ముందువైపు వెడల్పుగా, వెనకవైపు సన్నగా ఉంటుంది. పాదం నేల మీద చదునుగా ఉన్నప్పుడు వెడల్పు భాగం కీలులో బిగుసుకుంటుంది. మడమ లేచినప్పుడు ఆ చోటికి సన్న భాగం వస్తుంది, కీలు వదులవుతుంది. హీల్స్‌లో కాలు పక్కకు మడతపడటానికి ఇదొక ముఖ్య కారణం. పిక్క కండరం అప్పటికే కురచబడి ఉంటుంది కాబట్టి అడుగు పడినప్పుడు దెబ్బను తీసుకునే పనిలో చీలమండ వాటా తగ్గి మోకాలు, తుంటి వాటా పెరుగుతుంది. 1998లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఒక అమెరికా పరిశోధన, హీల్స్‌తో నడిచే ఆడవాళ్ల మోకాలి లోపలి వైపు పడే భారం సుమారు 23 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది. అది మామూలు నడకకే. ఎగిరి దిగే ఆటలో మోకాలి మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

ముందుకు జారిన బరువును సర్దుకోవడానికి ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో దారి వెతుక్కుంటుంది. కొందరు నడుమును లోపలికి వంచి పొట్టను ముందుకు తోస్తారు. కొందరు మోకాళ్లు మడిచి, తుంటిని వెనక్కి వదిలి నడుస్తారు. భుజాలను చెవులదాకా లాక్కుని మెడ ముందుకు చాచేవాళ్లూ ఉన్నారు. మర్నాటి నొప్పి ఎక్కడ తేలేదీ ఈ సర్దుబాటును బట్టే ఉంటుంది.

చెప్పు లేకుండా మడమ లేపిన సంప్రదాయం

మన నాట్యానికి రంగస్థలం మీద చెప్పు లేదు. మడమ లేపడం మాత్రం మొదటి నుంచీ ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన అయిదు పాదభేదాల్లో అగ్రతలసంచరం ఒకటి: మడమ లేపి పాదం ముందు భాగం మీద నిలవడం. హీల్స్ వేసుకోవడమంటే ఈ భేదంలోనే గంటల తరబడి ఉండిపోవడం. నాట్యంలో మడమ లేస్తుంది, వెంటనే దిగుతుంది. పాదం మొత్తం నేలకు ఆనే సమపాదంలోకి, మడమ ఆనించి వేళ్లు లేపే అంచితంలోకి మారుతుంది. పిక్క బిగిసిన ప్రతిసారీ సాగడానికి సందు దొరుకుతుంది.

ఆ గ్రంథమే సౌష్ఠవమనే లక్షణాన్నీ చెప్పింది. నడుము, చెవులు ఒక వరసలో ఉండాలి, మోచేతులు, భుజాలు, తల వాటి వాటి చోట కుదురుకోవాలి, ఛాతీ తేలి ఉండాలి. ఒళ్లు గూని పోకూడదు, మరీ నిక్కకూడదు. నేటి ఫిజియోథెరపిస్టు పక్కనుంచి చూసి చెవి, భుజం, తుంటి, మోకాలు, చీలమండ ఒక గీతలో ఉన్నాయా అని పరీక్షించేదీ దాదాపు ఇదే. ఈ సంప్రదాయం కాకతీయుల దగ్గరా సాగింది. గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దం మధ్యలో నృత్తరత్నావళి రాసి, సగం గ్రంథాన్ని శాస్త్రోక్తమైన మార్గనృత్తానికి, తక్కిన సగాన్ని ప్రాంతీయమైన దేశినృత్తాలకు కేటాయించాడు. ఆ గ్రంథాన్ని, రామప్ప శిల్పాలను ఆధారం చేసుకునే నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు.

తరంగం, బోనం

పాదం కింద నేల ఇరుకైనప్పుడు ఒంటిని ఎలా నిలపాలో తేటగా చూపించేది కూచిపూడి తరంగం. నారాయణతీర్థుల కృష్ణలీలా తరంగిణి నుంచి తీసుకున్న పాటకు నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, వేళ్లతో అంచును పట్టుకుని, పళ్లేన్ని ముందుకు, వెనక్కి, గుండ్రంగా జరుపుతూ తాళానికి ఆడుతుంది. కొందరు నెత్తిన నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. పాదం ఆనేది సన్నటి అంచు మీద, కాబట్టి చీలమండ క్షణానికోసారి సర్దుకుంటూనే ఉండాలి. మోకాళ్లు అర్ధమండలిలో కాస్త మడిచి ఉంటాయి. కింది కుదుపు అక్కడే ఆగిపోతుంది, నడుము పైన ఒళ్లు నిలకడగా ఉంటుంది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం అంగశుద్ధికి అంత పట్టుపట్టడానికి కారణం ఇందులో తెలుస్తుంది. నిలుపు సరిగా లేని ఒంటిని పళ్లెం వెంటనే పట్టిస్తుంది.

బోనం ఇదే పాఠాన్ని పైనుంచి చెబుతుంది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద అన్నం కుండ, వేపమండలు, పైన వెలిగే దీపం. ఆ బరువు నేరుగా వెన్ను మీదుగా దిగితేనే మోయగలం. గడ్డం దించితే కుండ ముందుకు వాలుతుంది, నడుము విరుచుకుంటే వెనక్కి పోతుంది. అందుకే బోనమెత్తిన మనిషి చూపు ఎదురుగా ఉంటుంది, అడుగు చిన్నదిగా పడుతుంది, ఊపంతా మోకాళ్లలో, తుంటిలో ఉంటుంది. ఎవరూ తరగతి పెట్టి చెప్పకపోయినా ఆ బరువే నేర్పేస్తుంది.

పళ్లెమైనా, బోనమైనా నిలుపు బిగింపుతో రాదంటాయి. కింది కీళ్లు లొంగితేనే పైభాగం నిలుస్తుంది. హీల్స్‌లో చాలామంది పడిపోతామన్న భయంతో మోకాళ్లు బిగించి, భుజాలు నిక్కించి ఆడతారు. చీలమండ చేయగల పనిని చెప్పు ఎలాగూ తగ్గించేసింది. మోకాలు కూడా బిగిస్తే కుదుపులన్నీ నడుముకే చేరతాయి.

హీల్స్‌లో ఆడేవాళ్లకు

ముందు చెప్పు లేకుండా నిలబడండి. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, ఈ మూడు చోట్లా బరువు సమంగా ఆనాలి. ఆ నిలుపు ఒంటికి తెలిశాక హీల్స్ వేసుకుని మళ్లీ అదే వెతకండి. బరువు ఎక్కువగా ముందుకే వస్తుంది, అయినా మడమను గాలిలో వదిలేయకూడదు. మోకాలు పూర్తిగా చాచకుండా వదులుగా ఉంచాలి, పాదం వేళ్లు ఎటు చూస్తే మోకాలూ అటే చూడాలి. పొత్తికడుపును కొద్దిగా లోపలికి పట్టి, పక్కటెముకలు ముందుకు పొడుచుకు రాకుండా చూసుకుంటే నడుము వంపు అదుపులో ఉంటుంది. భుజాలు దించి ఊపిరి మామూలుగా తీసుకోవాలి. ఊపిరి బిగబట్టారంటే ఒళ్లూ బిగిసిందన్నమాటే.

అడుగు చిన్నది కావాలి. తిరిగేటప్పుడు బరువు పాదం ముందు భాగం మీద ఉండాలి. సన్నటి హీల్ మీద తిరిగితే కాలు మెలికపడుతుంది. చూపును ఒకచోట నిలిపి తలను చివర్లో తిప్పితే కళ్లు తిరగవు. ఎగిరే స్టెప్పులను హీల్స్‌లో వదిలేయడమే మేలు. ఇంట్లో సాధనకు నెత్తిన ఖాళీ స్టీలు చెంబు చాలు. అది పడకుండా మొదట వట్టికాళ్లతో, తర్వాత హీల్స్‌తో పాట సగమైనా ఆడగలిగితే మెడ, నడుము దారిలో పడ్డట్టే. గోడ పట్టుకుని రోజూ మడమలు లేపి నెమ్మదిగా దించడం పిక్కలకు, చీలమండలకు బలం.

చెప్పు ఎంపికలోనూ తెలివి కావాలి. లాటిన్ నృత్యాలు పోటీలుగా ఆడేవాళ్లు ఎత్తు మడమలే వేస్తారు, కానీ వాటికి చీలమండ చుట్టూ పట్టీ ఉంటుంది, అడుగున మెత్తటి తోలు ఉంటుంది, మడమ కొయ్య సరిగ్గా మడమ ఎముక కిందికి వస్తుంది. స్పెయిన్ ఫ్లమెంకో ఆటగత్తెల చెప్పులకు ముందూ వెనకా మేకులు కొట్టి ఉంటాయి, అవే తాళం వేస్తాయి. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమల బూట్లతో పేరుపడినవాడు, స్వయంగా నర్తకుడు, 1661లో నృత్య అకాడమీ కూడా పెట్టాడు. వాళ్లకు మడమ ఆటలో భాగం, దానికి తగ్గ శిక్షణా ఉంది. మనం పెళ్లికి కొనే చెప్పు ఎక్కువగా ఫొటో కోసం తయారైంది. పట్టీ ఉన్నది, వెడల్పు మడమ ఉన్నది, ఎత్తు తక్కువది చూసుకుని, కొత్త చెప్పును పెళ్లికి ముందే కొన్ని రోజులు ఇంట్లో తొడిగి అలవాటు చేసుకోవాలి. ఆట ముగిశాక పిక్కలను సాగదీయాలి.

ఇంత చెప్పాక చెప్పు విప్పి ఆడటం ఓటమి అనుకోకూడదు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు చెప్పులు ఎవరూ వెతకరు. ఆ వట్టికాళ్ల అడుగే హీల్స్‌కూ పరీక్ష. సంగీత్ కోసం నేర్చుకున్న పాటను ముందు వట్టికాళ్లతో ఆడి చూడండి. అప్పుడూ భుజం నిక్కి, నడుము విరుచుకుంటే తప్పు చెప్పుది కాదు, దిద్దుకోవలసింది నిలుపును. వట్టికాళ్లతో సాఫీగా సాగిన ఆట హీల్స్‌లో చెడిందా, మార్చవలసింది చెప్పును.