అగస్టీను గ్రంథములో వాడుక అను సంకెల

మన కూటములలో సాక్ష్యము చెప్పువారు సాధారణముగా ఒక దినమును గూర్చి చెప్పుదురు. ఆ దినమునకు ముందు కల్లు, చుట్ట, పేకాట, బూతుమాట. ఆ దినము తరువాత ఏమియు లేదు. ఇట్టి సాక్ష్యములను నేను తక్కువచేయను. ఒక్క ఘడియలో విడుదల పొందినవారు ఉన్నారు. అయితే అదే కూటములో, తలుపు దగ్గర, మూడుసార్లు మానివేసి మూడుసార్లు మరల మొదలుపెట్టిన సహోదరుడొకడు కూర్చుండును. ఆ సాక్ష్యము విని అతడు, ఈ దేవుడు నావంటివానికి కాడు అనుకొని ఇంటికి పోవును. మరుసటి ఆదివారము రాడు. కుసుమంచి మొదలుకొని భద్రాచలపు అడవుల అంచువరకు ఏ సంఘమునకు వెళ్లినను అట్టివాడు కనబడును. ఆయనను తలంచుకొనియే ఒక పాత పుస్తకమును గూర్చి వ్రాయుచున్నాను.

ఆ పుస్తకము అగస్టీను ‘ఒప్పుకోలు’. ఆయన క్రీ. శ. 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టి, 387లో మిలాను పట్టణములో అంబ్రోసు బిషపుచేత బాప్తిస్మము పొంది, పిమ్మట హిప్పో పట్టణమునకు బిషపై 430లో మరణించెను. ఈ గ్రంథమును బాప్తిస్మమైన సుమారు పదేండ్ల తరువాత వ్రాయ మొదలుపెట్టెను. సెమినరీలో దీనిని వేదాంతము నిమిత్తము చదివింతురు. సంఘకాపరికి దీనివలన కలుగు మేలు వేరు. దురలవాటు ఎట్లు పుట్టును, ఎట్లు పెరుగును, ఎట్లు తెగును అనునది ఇంత ఓపికతో వ్రాసినవారు అరుదు.

ఎనిమిదవ భాగములో ఆయన ఒక గొలుసును చూపును. వంకర తిరిగిన ఇష్టమునుండి ఆశ పుట్టెను. ఆశకు లోబడగా వాడుకయాయెను. వాడుకను ఎదిరింపకపోగా అది విధిలేని అవసరమాయెను. ఇందులో సాతాను పేరు ముందుగా రాలేదని చదువరులు గమనింతురు గాక. గొలుసు చేసిన ఇనుము తన ఇష్టమేనని ఆయన చెప్పుచున్నాడు. వెంటనే నిద్రమత్తులో నున్నవాని పోలికయు ఇచ్చును. లేవవలెనని వానికి తెలియును, లేచుట మంచిదని ఒప్పుకొనును, కాని ఇంకొక్క నిమిషమని మరల పడుకొనును. సంక్రాంతి పోనిమ్ము, పెండ్లి అయిపోనిమ్ము, మిరప అమ్ముడుపోనిమ్ము, తరువాత మానెదను అని మనవారు చెప్పు మాట ఇదే.

తొమ్మిదవ భాగములోని చిన్న కథ నాకు అన్నిటికంటె ప్రియమైనది. అగస్టీను తల్లి మోనికా చిన్నతనమున ఆ ఇంట ఒక ముసలి దాది యుండెడిది. మోనికా తండ్రిని సహితము వీపున మోసి పెంచినది ఆమెయే. భోజన సమయమున తప్ప పిల్లలను నీళ్లైనను త్రాగనిచ్చెడిది కాదు. ఇప్పుడు ద్రాక్షారసము మీ చేతిలో లేదు గనుక నీళ్లు త్రాగుదురు. రేపు అత్తవారింట కొట్టు తాళములు చేతికి వచ్చినప్పుడు నీళ్లు రుచింపవు గాని త్రాగు వాడుక మాత్రము నిలుచునని ఆమె అభిప్రాయము. ఇంత కాపుదలలో పెరిగిన పిల్ల, పీపానుండి ద్రాక్షారసము పట్టి తెమ్మని పంపినప్పుడు మొదట పెదవి తడుపుకొనెను. రుచి కొరకు కాదు, పిల్లచేష్టగా. దినదినము కొంచెము కొంచెము కలియగా, గిన్నెలకు గిన్నెలు త్రాగు స్థితికి వచ్చెను. దాని మాన్పినది ప్రసంగము కాదు. తోడుగా వెళ్లు పనిపిల్ల ఒకనాడు కోపమున తాగుబోతని తిట్టెను. ఆ మాట ముల్లువలె గుచ్చుకొని మోనికా ఆ క్షణమే మానెను. పనిపిల్ల ఆమె మేలు కోరి అనలేదు, నొప్పింపవలెననియే అన్నది. ఆమె కత్తితోనే దేవుడు కురుపు కోసెనని అగస్టీను భావము. తాటివనములో తండ్రి ప్రక్కన కూర్చున్న పసివాని నోటికి నవ్వుచు మొదటి గుక్క అందించు మన పెద్దలు ఈ దాది మాటను వినవలసియున్నది.

ఆయన స్నేహితుడు అలిపియుసు కథ దీనికి ఎదురు. కత్తిసాము చేయువారు ఒకరినొకరు చంపుకొను ఆటలకు స్నేహితులు ఇతనిని రోమా పట్టణములో ఈడ్చుకొనిపోయిరి. నా దేహమే అక్కడ నుండును, కన్నులు మూసికొందునని అతడు పందెము వేసినట్లు కూర్చుండెను. చెవులు మూసికొనలేదు. జనము ఒక్కసారి కేకవేయగా కన్ను తెరచెను, మరి మూయలేదు. తరువాత తానే ఇతరులను వెంటబెట్టుకొని పోసాగెను. చేతిలో సెల్‌ఫోను పట్టుకొని, ఒక్కసారి చూచి పెట్టివేసెదనను మన యువకులకు ఇంతకంటె తగిన కథ నేనెరుగను.

386లో మిలాను తోటలో జరిగినది అందరికి తెలిసినదే. పిల్ల స్వరము వినబడుట, రోమీయులకు వ్రాసిన పత్రిక పదుమూడవ అధ్యాయము తెరచుట, కన్నీరు. మన ప్రసంగీకులు అక్కడ పుస్తకము మూసివేయుదురు. అది అన్యాయము. పదియవ భాగములో ఆయన బిషపుగా నున్న కాలపు స్థితిని వ్రాసెను. ఆకలికని మొదలుపెట్టిన భోజనము ఎక్కడ రుచికని మారునో తనకు తెలియదనును. పొలములో కుక్క కుందేలును తరుముచుండగా, ఇంట బల్లి ఈగను పట్టుచుండగా మనస్సు ప్రార్థనను విడిచి అటు పోవుననును. మెప్పుదల మీది ఆశ ఇంకను చావలేదనును. తలుపు దగ్గర కూర్చున్న మన సహోదరునికి ఈ భాగము కావలెను. (కీర్తన రాగము సొంపుగా ఉండుటకు సహితము ఆయన భయపడుట నాకు అతిగా తోచును. మన తెలుగు సంఘములు పాటతోనే బ్రతికినవి.)

ఈ గ్రంథముతో నాకు రెండు పేచీలు గలవు. మొదటిది కఠినమైనది. అగస్టీనుతో ఏండ్ల తరబడి కాపురముండి కుమారుని కనిన స్త్రీ యొకతె గలదు. తగిన పెండ్లి సంబంధము కుదిరినదని ఆమెను ఆఫ్రికాకు పంపివేసిరి. మరియొక పురుషుని ఎరుగనని ఆమె మ్రొక్కుకొని వెళ్లెను. ఆయన మాత్రము పెండ్లివరకు ఆగలేక వేరొకతెను చేర్చుకొనెను. తన హృదయము చీలి రక్తము కారెనని వ్రాసెను గాని ఆమె పేరు వ్రాయలేదు. తన బలహీనతను ‘వాడుక’ అని పిలుచుచుండగా, మనిషి సహితము ఆ మాటలో కలిసిపోయినది. ఇది పాతకాలపు సంగతి మాత్రమే కాదు. 1888లో లాంబెత్ సభ, పలువురు భార్యలు గలవాడు ఆ స్థితిలో నుండగా బాప్తిస్మమునకు తగడని తీర్మానించెను. అట్టి నియమమున్నచోట్ల పురుషుడు శుద్ధుడాయెనని సంఘము సంతోషించుచుండగా, పంపివేయబడిన స్త్రీ ఎవరి గుమ్మమున నిలిచెనో అడిగినవారు కొద్దిమందియే. దురలవాటు మానుకొనుట అను పేరుతో ఒకరిని వీధిలో నిలుపరాదు.

రెండవది: సంకెల తనదేనని చెప్పిన అగస్టీను, దానిని అమ్ము అంగడిని గూర్చి తక్కువగా చెప్పెను. మన దోర్నకల్ బిషపు అజరయ్యగారు 1912లో అభిషేకము పొంది 1945లో ప్రభువునందు నిద్రించువరకు పల్లెలు తిరిగి, మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడిరి. ఈ నాలుగింటిని కలిపి చెప్పుటలో జ్ఞానమున్నది. త్రాగుడు ఒంటరిగా ఇంటికి రాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము వలన 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఆ నిషేధమును సడలించిరి. భర్తల మనస్సు మారువరకు ఆ స్త్రీలు వేచియుండలేదు. సంకెల తెంపుకొనుటకు ప్రయాసపడువాని వాకిటనే బెల్టు షాపు తెరచియుండగా, అతని ఇష్టమును మాత్రమే నిందించుట చాలదు.

రాత్రి కూటములలో చదువదలచినవారు తొమ్మిదవ భాగముతో మొదలుపెట్టుట మేలు. మోనికా కథ చదువురానివారికిని వెంటనే పట్టుబడును. తరువాత అలిపియుసు, ఆపైన తోట. పదియవ భాగమును రెండు మూడు రాత్రులకు పంచుకొనవలెను, తొందరపడరాదు. ఆఫ్రికాకు తిరిగివెళ్లిన స్త్రీని గూర్చిన పుటలు చదువు రాత్రి, ముందుగా స్త్రీలను మాటలాడనియ్యవలెను.