మెలకువగా కూర్చునే పనితనం

లండన్ ఆగ్నేయ ప్రాంతంలో, సిడెన్‌హామ్‌లో ఉన్న సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌లో తొలినాళ్లలో ఒక నియమం ఉండేది. వారంలో ఆరు రోజులు బంధువులు పొద్దుటి నుంచి రాత్రి దాకా రావచ్చు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకురావచ్చు. సోమవారం మాత్రం రాకూడదు. జబ్బు నయం కాదని తేలిపోయి చివరి రోజులు గడుపుతున్న మనిషి దగ్గరికి భార్యను రావద్దనడం ఏం దయ అనిపిస్తుంది మొదట. కాస్త నిదానించి చూస్తే ఆ నియమం పెట్టినవాళ్లు మనుషుల్ని ఎంత దగ్గరగా చూశారో తెలుస్తుంది. నెలల తరబడి మంచం పక్కన కూర్చున్న ఇల్లాలు తనంతట తాను ఒక్క రోజు కూడా ఇంటి దగ్గర ఉండిపోదు. ఉండిపోతే ఆయన ఏమనుకుంటాడో, చుట్టాలు ఏమంటారో అన్న బెంగ. ఇవాళ రావద్దని హాస్పిసే చెప్పేస్తే ఆ తప్పు ఆమె మీద పడదు. ఇల్లు చూసుకుంటుంది, నిద్రపోతుంది, కావాలంటే తలుపేసుకుని ఏడుస్తుంది. విశ్రాంతి దినాన్ని సలహాగా కాక ఆజ్ఞగా ఎందుకు ఇచ్చారో నాకు ఈ సోమవారం గురించి చదివాకే బాగా తెలిసింది. మనిషి తనకు తాను సెలవు ఇచ్చుకోలేడు.

ఈ హాస్పిస్‌ను కట్టించినది సిసిలీ సాండర్స్ (1918-2005). మొదట నర్సు. నడుంనొప్పి వల్ల ఆ పని మానుకుని ఆసుపత్రిలో రోగుల బాగోగులు చూసే సాంఘిక సేవా ఉద్యోగిగా చేరారు. అక్కడ పరిచయమైన రోగి డేవిడ్ టాస్మా. వార్సా నుంచి వచ్చిన యూదుడు, హోటల్లో వెయిటరు, నలభై ఏళ్లకే క్యాన్సర్. ఊరుకాని ఊళ్లో తనవాళ్లంటూ ఎవరూ లేరు. ఒకరోజు ఏదైనా ఊరటనిచ్చే మాట చెప్పమని ఆమెను అడిగాడు. ఆమె 23వ కీర్తన కంఠతా చెప్పారు. ఇంకా చెప్పమన్నాడు. బైబిల్ తెరిచి చదవనా అని అడిగితే వద్దన్నాడు. నీ మనసులో, నీ గుండెలో ఉన్నదే కావాలన్నాడు. ఆ రాత్రి ఆమె ఇంటికి వెళ్లి 130వ కీర్తన కంఠస్థం చేసి, దాన్ని అతని దగ్గరికి మోసుకొచ్చారు.

ఆమె చేతిపని అంతా నాకు ఈ ఒక్క సంఘటనలోనే కనిపిస్తుంది. యూదుడి దగ్గరికి యూదుల గ్రంథంలోని కీర్తనతోనే వెళ్లారు. అతడు పుస్తకం వద్దంటే నొచ్చుకోలేదు, వదిలేసి వెళ్లిపోనూ లేదు. రాత్రి కూర్చుని నేర్చుకుని వచ్చారు. ఆదరించడం మంచి మనసుంటే దానంతట అదే వచ్చేస్తుందని మనం అనుకుంటాం. దానికి కసరత్తు కావాలని ఆమెకు తెలుసు. 1948 ఫిబ్రవరిలో టాస్మా చనిపోతూ, నీ ఇంట్లో నేనొక కిటికీనవుతానని 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చాడు. ఆ ఇల్లు లేవడానికి పందొమ్మిదేళ్లు పట్టింది.

ఆ మధ్య కాలంలో ఆమె మళ్లీ విద్యార్థి అయ్యారు. చావుకు దగ్గరైనవాళ్లను వదిలేసేది డాక్టర్లే కనుక ముందు డాక్టరు చదవమని నార్మన్ బారెట్ అనే సర్జన్ చెబితే, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, 1957లో, ఆ చదువు పూర్తి చేశారు. తరువాత హాక్నీలో కాథలిక్ సిస్టర్లు నడిపే సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో ఏడేళ్లు పనిచేశారు. నొప్పి తిరగబెట్టి రోగి అడిగేదాకా ఆగకుండా, నొప్పి రాకముందే వేళకు మార్ఫిన్ ఇచ్చే పద్ధతిని అక్కడ స్థిరపరిచారు. ఆత్మీయ సేవ గురించి రాస్తూ మార్ఫిన్ ప్రస్తావన ఎందుకంటే, ఆమె పెట్టుకున్న వరుస అదే. నొప్పితో మెలికలు తిరిగేవాడికి వాక్యం చెవికెక్కదు. ముందు మందు, తరువాత మాట. ఒక రోగిని నొప్పి ఎక్కడని అడిగితే, నడుంలో మొదలైందని చెప్పి, భర్త గురించి, కొడుకు గురించి, భద్రత లేకపోవడం గురించి చెప్పుకుంటూ పోయిందట. శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ కలిసి నొచ్చే ఈ బాధకు ‘సంపూర్ణ వేదన’ అనే అర్థంలో ఆమె పెట్టిన పేరును ఇవాళ ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు చదువుతున్నారు.

1967 జూలైలో 54 పడకలతో హాస్పిస్ తెరుచుకుంది. దాని పునాది క్రైస్తవ విశ్వాసం. ఆమె 1945లో మారుమనసు పొందిన మనిషి, ఆ సంగతి ఎక్కడా దాచుకోలేదు. అయినా ఏ మతం వాళ్లైనా, ఏ మతమూ లేనివాళ్లైనా రావచ్చు. ఇది సువార్త చెప్పే చోటుగా మారిపోవడం ఎంత తేలికో ఆలోచించండి. రోగి కదల్లేడు, కుటుంబం భయపడి ఉంది, కాదనే ఓపిక ఎవరికీ లేదు. ఆ అవకాశాన్ని ఆమె వాడుకోలేదు. ఆమె అందుకున్నది గెత్సేమనే తోటలో యేసు శిష్యుల్ని అడిగిన మాటను. నన్ను తప్పించమని కాదు, నాకు వివరించమని కాదు, నాతో మెలకువగా ఉండమని. 1965లో నర్సుల కోసం రాసిన వ్యాసానికి ఆ మాటే పేరు. అర్థం కాని బాధ ముందు మనం చేయగలిగింది అక్కడ ఉండటమేనని దాని సారం.

‘దేవుడు ఇలా ఎందుకు చేశాడు?’ అని భర్తను పోగొట్టుకున్నామె అడిగినప్పుడు జవాబు నోటి దాకా వస్తుంది. ఆయన చిత్తమమ్మా, మంచి స్థలానికి వెళ్లాడమ్మా అని. ఆసుపత్రిలో ఆత్మీయ సేవ చేసే నేర్పున్న చాప్లిన్ అక్కడ ఆగుతాడు. అది ప్రశ్న కాదు, మొర అని అతనికి తెలుసు. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు మొరలే. వాటిలో చాలాసార్లు దేవుడి మీద కోపం కూడా ఉంటుంది. ఆ కోపాన్ని ప్రార్థనగానే లెక్కించి వినగలగడం ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని. మాట్లాడటం ఎవరైనా నేర్చుకోవచ్చు.

రోగి చనిపోయాక హాస్పిస్ పని అయిపోవాలి కదా! ఇక్కడ అవలేదు. మనోవైద్యుడు కాలిన్ మర్రీ పార్క్స్ సాండర్స్‌తో కలిసి, మిగిలినవాళ్ల కోసం ఒక సేవను నిలబెట్టారు. మరణం జరిగాక నర్సు ఒక చిన్న ప్రశ్నపత్రం నింపేది. దగ్గరి మనిషికి ఇంట్లో చిన్నపిల్లలున్నారా? కోపం ఎంత? తనను తాను నిందించుకుంటున్నారా? అండగా ఎవరైనా ఉన్నారా? తట్టుకోగలరని నీకు అనిపిస్తోందా? కుటుంబాన్ని వారాల తరబడి కళ్లారా చూసిన నర్సు అంచనాకు అక్కడ విలువ. కుంగిపోయే ప్రమాదం ఉందనిపించిన వాళ్ల ఇంటికి పది పదిహేను రోజులు గడిచాక, శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్త వెళ్లేవారు. ఆ సమయం ఎంపిక చూడండి. అంత్యక్రియలు అయిపోయాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, ఇల్లు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడు తలుపు తట్టడం.

పార్క్స్ అంతటితో తృప్తిపడలేదు. ప్రమాదం ఉన్నవాళ్లలో చీటీ తీసినట్టు కొందరికే సేవ అందించి, రెండు గుంపులనూ ఇరవై నెలల తరువాత పోల్చి చూశారు. సేవ అందినవాళ్లలో ఆందోళన తక్కువ, మందులు, మద్యం, పొగాకు వాడకం తక్కువ. 1981లో ఆ ఫలితాలు ప్రచురించారు. దయను కూడా కొలిచి చూసుకోవాలనుకున్న ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. ఒక్క సందేహం మాత్రం ఉంది. పైకి గట్టిగా కనిపించి లోపల కూలిపోయే మనిషి ఏ ప్రశ్నపత్రానికీ దొరకడు.

మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబై బాంద్రాలో, డాక్టర్ ఎల్.జె. డిసౌజా పూనికతో వచ్చింది. పేరు శాంతి ఆవేదన సదన్. హోలీ క్రాస్ సిస్టర్లు అక్కడ రోగుల్ని చూసుకుంటారు, డబ్బు తీసుకోరు. చాలా తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఇలాంటి ఇల్లు అందుబాటులో లేకపోయినా, దుఃఖాన్ని పంచుకునే పద్ధతులు లేకపోలేదు. భూస్థాపన అయిన కొద్ది రోజులకు ఆదరణ కూడిక పెడతాం. పాటలు, వాక్యం, భోజనాలు. సంఘమంతా వస్తుంది. నవంబరులో సమాధుల పండుగనాడు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఈ రెంటికీ మధ్య నెలలున్నాయి. ఆ నెలల్లో ఆ ఇంటికి వెళ్లే బాధ్యత చాలాచోట్ల ఎవరి పేరునా లేదు.

కాబట్టి పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి నా విన్నపం ఒక్కటే. మీ సంఘంలో ఓపికగా వినగలిగిన ఇద్దరిని ఎంచండి. ఆదరణ కూడిక అయిన రెండు వారాలకు ఒకసారి, మొదటి క్రిస్మస్‌కు ముందు ఒకసారి, సంవత్సరీకం దగ్గర ఒకసారి వాళ్లను ఆ ఇంటికి పంపండి. తేదీలు సంఘ పుస్తకంలో రాసిపెట్టండి. బైబిల్ వెంట తీసుకెళ్లమనండి, ఆ ఇంటివాళ్లు అడిగాకే తెరవమనండి.