ఉల్లేఖసంఖ్యయుఁ బాండిత్యగౌరవమును

ఒక విద్వాంసుఁడు రచించిన వ్యాసము లెన్ని, వానిఁ బేర్కొన్నవా రెందఱు అని గణించి, యా సంఖ్యతోడనే యాతని శాస్త్రాధికారమును నిర్ణయించు పద్ధతి నేఁడు విద్యాపీఠములందుఁ బ్రబలినది. 2005వ సంవత్సరమున హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుఁడు కల్పించిన సూచికచే నిది యొక్క యంకెకుఁ గుదిసినది: ఇరువదేసిమాఱులైనను బేర్కొనఁబడిన వ్యాసము లిరువది యున్నచో నాతని యంకె యిరువది. ఒకే శాస్త్రమునఁ బరిశ్రమించినవాని విషయమున నీ కొలఁత కొంత పనికివచ్చునేమో. రెండు శాస్త్రముల నడుమ నిలిచి కృషిచేసినవాని యెడ నిది కలిగించు భ్రమను జూపుటకు, లండనులోని ఇంపీరియల్ కళాశాలయం దాచార్యుఁడుగా నుండిన రాబర్టు కోవాల్‌స్కి రచనలఁ గైకొనెదను.

1974లో స్టాక్‌హోము సభకై రచించిన వ్యాసమునఁ దర్కవాక్యములే యంత్రమునకుఁ గార్యవిధాయకములు గాఁగలవని యీతఁడు ప్రతిపాదించెను. 1979లోఁ దర్కముచే సమస్యలఁ బరిష్కరించు రీతిని గూర్చి గ్రంథము వెలయించెను. ఇవి కంప్యూటరు శాస్త్రమునకుఁ జెందినవి. 1986లో వెలువడిన వ్యాస మట్టిది గాదు. దానికిఁ గర్త లార్గురు. మొదటివాఁడు సెర్గాటు, మూఁడవవాఁడు కోవాల్‌స్కి. 1981 నాఁటి బ్రిటిషు జాతీయతాచట్టమును బ్రోలాగు భాషలోఁ దర్కసూత్రములుగా మార్చి చూచిన ప్రయత్న మది, 17 పుటలు. పట్టికలో నా గ్రంథమును నీ వ్యాసమును నొకే వరుసఁ గూర్చుండును. ఆర్గురిలో నెవ్వని భాగ మెంతయో పట్టిక చెప్పదు.

ఈ వ్యాసమున నాకు మిక్కిలి రసవంతముగాఁ దోఁచినది యనాథశిశువు ప్రసంగము. బ్రిటనులో విడువఁబడి దొరకిన నవజాతశిశువు, విరుద్ధము నిరూపింపఁబడనంతవఱకు, ఆ దేశముననే తగిన హోదాగల తల్లికో తండ్రికో జన్మించినట్లు భావింపఁబడవలెనని చట్టము. యంత్రమునం దిట్టివానికి వాడు నుపాయ మేమనఁగా, నిరూపింప శక్యముగానిదానిని లేనిదానిగాఁ గొనుట. మన మీమాంసకులలో భాట్టు లనుపలబ్ధిని వేఱు ప్రమాణముగా నంగీకరించిరి, ప్రాభాకరు లంగీకరింపరైరి. అంగీకరించినవారును యోగ్యతను గోరిరి. దీపములేని గదిలోఁ గుండ కనఁబడలే దని కుండ లే దనరాదు గదా! యంత్రమున కందఱి జన్మవృత్తాంతములు నందింపఁబడియున్నఁగాని దాని 'లేదు' ప్రమాణము గాదు. సద్వర్తనము వంటి పదముల కర్థనిర్ణయము తాము చేయక, యంత్రము నడుపువానికే విడిచిరి. ఇది వినయమే కాని, వ్యవహారశాస్త్రమునఁ గష్టమైన భాగ మదియే.

ఆ యేఁడే ఫిలిప్ లీత్ అను నాతఁడు 'కంప్యూటర్ జర్నల్' పత్రికలో, ధర్మశాస్త్రమును దర్కప్రోగ్రాములుగా మార్చు నుద్యమమున మూలదోషము లున్నవని ఖండనవ్యాసము వ్రాసెను. ఖండించువాఁడు ఖండింపఁబడుదానిఁ బేర్కొనక తప్పదు. ప్రశంసించినవానివలె నాతఁడును గణనలో నొక్కఁడే. ప్రోగ్రాము రచయిత యీ వ్యాసమును దర్కభాష కొక యుదాహరణముగాఁ బేర్కొనును. వ్యవహారధర్మజ్ఞుఁడు (తార్కికునిఁ జెప్పుట లేదు, న్యాయస్థానములకుఁ జెందినవానిఁ జెప్పుచున్నాను) పూర్వపక్షముగాఁ బేర్కొనవచ్చును. కూడిక యొక్కటే.

వింత యేమనఁగా, ఈ లెక్కకు మూలము న్యాయస్థానములయందే కలదు. 1873లో ఇల్లినాయి రాష్ట్రమున ఫ్రాంకు షెపర్డు తీర్పుల కుల్లేఖసూచి నారంభించెను. తరువాతి తీర్పు పూర్వపుఁదీర్పు ననుసరించెనా, వేఱుపఱచెనా, త్రోసివేసెనా యని తెలుపుటకు షెపర్డు సూచిలో నక్షరసంకేతము లుండెడివి. దానిఁ జూచియే యూజీన్ గార్ఫీల్డు 1955లో 'సైన్స్' పత్రికయందు విజ్ఞానశాస్త్రములకును నట్టి సూచి కావలెనని వ్రాసెను. పూర్వవ్యాసముపై వచ్చిన విమర్శ పాఠకునికిఁ దెలియవలె ననుట యాతని యుద్దేశములలో నొకటి. పరవర్తులు సంఖ్యను గైకొని, యక్షరములను విడిచిరి.

వైయాకరణుల కీ భేదము క్రొత్త గాదు. పాణిని పదుగు రాచార్యులఁ బేరెత్తి చెప్పెను. శాకల్యుని పేరున్న కొన్నిచోట్ల, ఆ విధి యాతని మతమున మాత్రమే యని గ్రహించి వికల్పముఁ జెప్పుదురు. ఆపిశలి పేరు గల సూత్రమున వికల్పవాచకము వేఱుగానే యుండుటచే, నచటఁ బేరు పూజార్థ మని కాశిక. పదింటిని గూడి 'పది' యనుట కే వ్యాఖ్యాతయుఁ బూనుకొనలేదు.

ఇన్నివేల వ్యాసములను జదివి సంకేతములు వేయువా రెవ్వరు అని యడుగవచ్చును. షెపర్డు సంస్థ సంపాదకులు తీర్పులను జదివియే వేసిరి. కోవాల్‌స్కి ప్రభృతుల 1986 వ్యాసమునకు నట్టి సూచి సిద్ధపఱుపఁ బూనినవాఁడు, లీత్ వ్యాసమున కెదుట నే యక్షరము వేయవలయునో తేల్చుకొనుటకు ముందుగా రెండు వ్యాసములను జదువవలసియుండును; అనాథశిశువు కడ నాఁగి, యోగ్యానుపలబ్ధిని గూర్చి యాలోచింపవలసియు నుండును.