శరద్బాబు నవలలును పాఠకుల కన్నీరును

వంగ నవలాకారుడగు శరచ్చంద్ర చటోపాధ్యాయుని గ్రంథములను చదివి కంటతడి పెట్టని తెలుగు పాఠకుడు అరుదు. 1876లో హుగ్లీ మండలమందలి దేవానందపురమున జనించి 1938లో కలకత్తానగరమున కీర్తిశేషుడైన ఈ మహారచయిత కథలు, చక్రపాణి మొదలగువారి యనువాదముల మూలమున, మన యిండ్లలో ఎంతగా చొచ్చిపోయినవనగా, ఆయనను తెలుగువాడే యని తలచినవారును కలరు. ఆయన ప్రతిభను గూర్చి ముచ్చటించునపుడు మనవారు సామాన్యముగా చూపు ప్రమాణ మొక్కటే: చదివినచో కన్నీరాగదని. ఆయనను నిరసించువారు ఎత్తిచూపు దోషమును అదియే: ఊరక యేడ్పించునని. ఒకే కన్నీరు ఒకరికి గుణమునకును, వేరొకరికి దోషమునకును సాక్ష్యమగుచున్నది. సాక్షి యొక్కడై తీర్పులు రెండైనపుడు ముందుగా సాక్షినే విచారింపవలసి యుండును. ఆ విచారణమే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

భరతముని అశ్రువును ఎనిమిది సాత్త్వికభావములలో నొకటిగా పరిగణించెను. అది పుట్టుటకు ఆయన చెప్పిన కారణములు గమనింపదగినవి. శోకమువలననే గాక ఆనందమువలనను, అమర్షమువలనను, భయమువలనను, రోగమువలనను, చలివలనను, తుదకు పొగవలనను, కాటుకవలనను కన్నీరు కలుగునని ఆయన లెక్కించెను. శోకమును పొగను ఒకే పంక్తిని కూర్చుండబెట్టుట పరిహాసమునకు గాదు. కన్నీరు కార్యము మాత్రమే. కార్యమును చూచినంతనే కారణము నిశ్చయింపరాదు. ముని చెప్పినది నాట్యమునకు సంబంధించినదైనను పాఠకుని కన్నీటికిని ఇది వర్తించును.

ఇక కరుణరసమును గూర్చి ఆలంకారికులలో భిన్నమతములు కలవు. పండ్రెండవ శతాబ్దివారగు రామచంద్ర గుణచంద్రులు నాట్యదర్పణమున రసము సుఖదుఃఖాత్మకమని నిర్ణయించిరి. తరువాత విశ్వనాథుడు సాహిత్యదర్పణమున కరుణాదులయందును కలుగునది సుఖమే యనియు, అందులకు సహృదయుల యనుభవమే ప్రమాణమనియు, దుఃఖమే కలుగునేని అట్టి కావ్యమునకు ఎవ్వడును అభిముఖుడు కాడనియు, కన్నీరు చిత్తము ద్రవించుటచే వచ్చినదనియు సిద్ధాంతము చేసెను. వీనిలో ఏ మతము గ్రాహ్యమైనను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. చిత్తము ద్రవించినది, సరియే. ఎవరిని గూర్చి ద్రవించినది? ఎవరిని మరచి ద్రవించినది? శరద్బాబు రచనల తారతమ్యమును నిర్ణయించుటకు ఈ ప్రశ్నయే తగిన మార్గమని నా యభిప్రాయము.

ముందుగా 'దేవదాసు'ను తీసికొందము. ఇది గ్రంథరూపమున వెలువడినది 1917లో. రచన మాత్రము అంతకు చాల యేండ్లకు పూర్వమే, రచయిత యౌవనమున జరిగినది. కథ అందరెరిగినదే. పార్వతి తన మానమును పణముగా నొడ్డి నడిరేయి ఒంటరిగా దేవదాసు గదికి వచ్చును. అతడు తల్లిదండ్రులకు జంకి కలకత్తాకు పోయి, అచటినుండి ఆమె యాశను త్రుంచుచు జాబు వ్రాయును. పిదప పశ్చాత్తప్తుడై వచ్చి, కొలనిగట్టున ఆమె అభిమానవతియై బదులాడగా, చేతనున్న గాలపుకఱ్ఱతో నుదుటిమీద కొట్టి మచ్చ చేయును. ఆమె భువన చౌధురి యను వృద్ధప్రాయుని రెండవ భార్యయై, సవతి బిడ్డలను తన బిడ్డలుగా చేసికొని, ఆ పెద్ద సంసారమును నిర్వహించును. అతడు మద్యమునకు వశుడై, చంద్రముఖి పరిచర్యనుగూడ నిలుపుకొనలేక, తుదకు ఇచ్చిన మాట చెల్లించుకొనుటకై హాతీపోతా గ్రామమున పార్వతి వాకిటిముందు చెట్టుక్రింద ప్రాణములు విడుచును. వార్త విని పరుగెత్తివచ్చు పార్వతిని ఇంటివారు గడప దాటనీయరు.

ఈ కథలో దెబ్బ తిన్నది పార్వతి. బ్రదుకవలసి వచ్చినదియు పార్వతియే. అయినను పాఠకుని కన్నీరంతయు దేవదాసు పాలగుచున్నది. ఇందులకు మన భాషయే సాక్షి. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన చలనచిత్రము వెలువడి జనాదరము బడసినది. నేడు 'దేవదాసు' అనునది తెలుగున ఒక జాతివాచకము. ప్రేమ విఫలమై గడ్డము పెంచిన ప్రతివానికిని ఆ పేరు చెల్లుచున్నది. పార్వతి పేరు సంజ్ఞావాచకముగనే మిగిలిపోయినది. ఆమెవలె మనసును అణచుకొని ఇల్లు నిలిపిన స్త్రీలు తెలుగునాట కొఱవడిరా? కొఱవడలేదు. వారిని గుర్తించుటకు ఆ కన్నీరు మనకు చూపు నీయలేదు, అంతియే.

దీనికి కారణము రచనలోనే కలదు. కరుణమున ఎవ్వనిగూర్చి శోకము పుట్టునో వాడు ఆలంబనము. ఆ శోకము ఎవ్వనియందు పుట్టునో వాడు ఆశ్రయము. ఈ తుదిఘట్టమున ఆలంబనము దేవదాసు, ఆశ్రయము పార్వతి. కాని ఆమె గడపలోపలనే నిలుపబడినది. అంతట రచయిత తానే ముందునకు వచ్చి, ఇట్టి పాపి ఎచటనైన తారసిల్లినచో వానికొఱకు ప్రార్థింపుడనియు, మరణకాలమున ఒక ప్రేమహస్తమైన, ఒక కన్నీటిబొట్టైన ఎవ్వరికిని కఱవు కాకుండుగాక యనియు పాఠకుని వేడుకొనును. పార్వతి నిలువవలసిన చోట పాఠకుడు నిలుచును. ఆమె విడువవలసిన కన్నీరు అతడు విడుచును. ఇంతటితో అతని మనసు తేలికపడును. గడపలోపల మూర్ఛిల్లిన ఆమెను చూచుటకు అతడు వెనుదిరుగడు.

ఈ లోపమేమో తెలియవలెనన్న భవభూతిని స్మరింపవలెను. ఉత్తరరామచరితమునందును అపకారము చేసినవాడే దుఃఖించుచున్నాడు. మూడవ యంకమున రాముడు పంచవటిని చూచి మూర్ఛిల్లును. కాని కవి ఆ శోకమును ఒంటిగా మనముందు పెట్టలేదు. పరిత్యక్తయగు సీతను అదృశ్యరూపమున ఆ ప్రక్కనే నిలిపి, ఆ ప్రలాపము నంతయు ఆమె చెవిని వేసెను. వనదేవతయగు వాసంతిచేత రాముని నిలువదీసి ప్రశ్నింపజేసెను. అపరాధము మఱుగుపడలేదు, వంచిత యగునామె దూరమునకు పోలేదు. అట్టి విచారణ గడచినపిదప కలిగిన కన్నీరు గనుక అది ఇరువురకును చెందినది. 'దేవదాసు'లో వాసంతి లేదు. అదియే కొఱత.

అట్లని శరద్బాబునకు ఈ మర్మము తెలియదనరాదు. 'బిందూర్ ఛేలే' యను కథను చూడుడు. సంపన్నుల యింటినుండి వచ్చిన కోడలు బిందువు. తోడికోడలు అన్నపూర్ణ కన్న అమూల్యుని తన బిడ్డగా పెంచుకొనును. ఆమె ప్రేమ యెంతదో నోటి దురుసుతనమును అంతటిదే. మాటకు మాట పెరిగి ఇల్లు రెండగును. బిందువు పుట్టింట అన్నము, ఔషధము మాని మంచము పట్టును. తుదకు పెద్దవాడగు యాదవుడు తానై రాగా, అన్నపూర్ణ చేతి అన్నము తినుట కామె యంగీకరించును. దేవదాసు కఱ్ఱతో కొట్టినట్లే బిందువు మాటతో కొట్టినది. అయినను ఇచట గాయపడినవారు గడప వెలుపల లేరు. మంచము ప్రక్కనే యున్నారు. క్షమింపవలసినవారే క్షమించిరి. ఇచట మనకు వచ్చు కన్నీరు భరతుడు లెక్కించిన కారణములలో శోకమునకును ఆనందమునకును గూడ చెందినది. వాత్సల్యము కోపవేషమును విడిచి తన రూపమున కనబడినందుకు కలిగినది.

'పల్లీసమాజము'న ఈ విచారణ మఱింత తీక్ష్ణమైనది. బాలవితంతువగు రమ, గ్రామమును బాగుచేయ వచ్చిన రమేశుడు, పరస్పరానురాగమును నోట పలుకలేనివారు. ఆమె న్యాయస్థానమున చెప్పిన సాక్ష్యమువలననే అతడు చెఱసాలకు పోవును. ఇంతటి అపకారమునకు మూలము ఆమె క్రౌర్యము గాదు, ఊరివారి నోటికి వెఱపు. ఈ కథకు వాసంతివంటిది విశ్వేశ్వరి. ఆమె అందరి తప్పులను ఎఱిగి, ఎవ్వరి తప్పును కప్పిపుచ్చక, తన కుమారుడగు వేణి చేతి యగ్ని తన చితికి సోకగూడదని కాశికి పోవ నిశ్చయించి, రమను వెంటగొని పోవును. హిందూమాత యొకతె కొడుకు చేతి యగ్నిని వలదనుకొనుట ఎట్టి తీర్పో శాస్త్రజ్ఞులకు వివరింప బనిలేదు. ఇచట పాఠకుడు రమకొఱకు కన్నీరు విడుచును. కాని ఆమె నట్లు చేసిన ఊరిని మరచి విడువలేడు. ఆ ఊరు తన యూరివలెనే యున్నది.

తుదకు 'మహేశ్' అను చిన్నకథ. గఫూర్ నిరుపేద ముసల్మాను రైతు. మహేశ్ అతని ముసలియెద్దు. బాకీక్రింద గడ్డి పోయినది. ఊరి పచ్చికబయలును జమీందారు సొమ్ము చేసికొనెను. ఎద్దును పస్తుంచుచున్నావని గఫూరును మందలించిన తర్కరత్నమే, రెండు మోపుల గడ్డి బదులడుగగా ఈయక పోయెను. కూతురు అమీనా తెచ్చిన నీటికుండ ఎద్దు పొడువగా పగిలి, అది నేలపాలైన నీటిని నాకుచుండ, గఫూర్ ఒడలెఱుంగని కోపమున నాగలిముక్కతో మోదెను. మహేశ్ చచ్చెను. ఆ రాత్రి అతడు కూతుం దోడ్కొని, ఉన్న పాత్రను ఎద్దు ప్రాయశ్చిత్తమునకై వదలి, జనపనార మిల్లులో కూలికి బయలుదేరుచు, మహేశ్ మేతను నీటిని హరించినవారిని క్షమింపవలదని భగవంతుని వేడుకొనెను. చంపినవాడును ఏడ్చువాడును ఒక్కడే. అతని స్థానమున పాఠకుడు నిలువజాలడు. ఏలయన పాఠకుడు కూర్చున్న అరుగు తర్కరత్నమునకు సమీపమున నున్నది. ఈ కన్నీటిలో అమర్షము కలదు, సిగ్గు కలదు. ఇది పుస్తకము మూసిన పిదపను ఆఱదు.

ఇచట ఒక యాక్షేపము రావచ్చును. దేవదాసు పాపి యని రచయితయే చెప్పెను గదా. పతితునియందు దయ చూపుమనుట తప్పా యని. తప్పు గాదు. ఎవ్వడును ఆదరువు లేక వాకిట పడి చావరాదనుట ఉత్తమమైన కరుణయే. రచయిత కోరినది దయ; మనము దానికి గౌరవమును జోడించితిమి. పాపికై ప్రార్థింపుడని ఆయన యనగా, మనవారు ఆ పాపమునే ప్రేమకు పర్యాయపదము చేసిరి. ఆ హెచ్చింపు పాఠకులది. కాని దాని కవకాశమిచ్చినది, పార్వతిని గడపలోపల నుంచిన కథానిర్మాణము.

కావున శరద్బాబు కన్నీరు తెప్పించుటచేత గొప్పవాడనుటయు, కన్నీరు తెప్పించుటచేతనే తక్కువవాడనుటయు రెండును తొందరపాటు తీర్పులే. ఆయన రచనలలో ఒక కన్నీరు విడువగానే ఋణము తీరినట్లుండును. వేరొక కన్నీరు ఋణమును గుర్తుచేయును. మొదటిది 'దేవదాసు'లో హెచ్చు. రెండవది 'మహేశ్'లో పరిపూర్ణము. పాఠశాలలో విద్యార్థిని 'ఇచట రసమేది' అని ప్రశ్నింపగా 'కరుణము' అని చెప్పి కూర్చుండును. ఆలంబనమెవరు, ఆశ్రయమెవరు, ఆ శోకమునకు కారకులెవరు, వారిలో ఎవరు కథ వెలుపల నిలువబడిరి అని మఱి నాలుగు ప్రశ్నలు వేసినచో, నవలను చదువుట యననేమో వానికి బోధపడును. పార్వతి పేరును అపుడు తలచును.