వెలుగును తూచుట

చంద్రుడు లేని శరద్రాత్రులయందు నిర్మలాకాశమున లీలగా కానవచ్చు ఆండ్రోమెడా నక్షత్రవీథి కోటానుకోట్ల సూర్యుల సముదాయమని చదువుట వేరు, ఆ సంగతిని కాగితముపై స్వయముగా గణించి తెలిసికొనుట వేరు. లాగరిథమ్ పట్టిక ముందుంచుకొని తీరికగా చేయవలసిన ఈ గణితము నాకు చిరకాలముగా ప్రీతిపాత్రమైన అభ్యాసము.

నక్షత్రములను ప్రకాశమునుబట్టి ఆరు తరగతులుగా విభజించిన ప్రాచీన సంప్రదాయమునకు 1856లో గణితరూపమొసగినవాడు నార్మన్ పోగ్సన్. తరువాత మదరాసు నక్షత్రశాలకు అధిపతియై వచ్చి, 1891లో ఆ నగరమందే కన్నుమూసిన ఈ ఆంగ్లేయుడు, ఐదు తరగతుల అంతరము నూరు రెట్ల వెలుగునకు సమానమని, అనగా ఒక్కొక్క తరగతికి సుమారు 2.512 రెట్లని నిర్ణయించెను. పరిమాణమని పిలువబడు ఈ తరగతి సంఖ్య పెరిగినకొలది వెలుగు తగ్గును.

ఆండ్రోమెడా వెలుగునంతయు కూడిన దాని దృశ్య పరిమాణము సుమారు 3.4, దూరము సుమారు 25 లక్షల కాంతి సంవత్సరములు. దానిని 32.6 కాంతి సంవత్సరముల ప్రమాణ దూరమునకు చేర్చినట్లు భావించి లెక్కించినచో, 24.4 తగ్గి, నిరపేక్ష పరిమాణము ఋణ 21 అగును. అదే దూరమున మన సూర్యుని పరిమాణము 4.8 మాత్రమే. ఈ 25.8 తరగతుల అంతరమును రెట్లుగా మార్చినచో, దృశ్యకాంతిలో ఆండ్రోమెడా తేజస్సు రమారమి రెండువేల కోట్ల సూర్యులకు సమానమని తేలును. త్రోవలోని ధూళి హరించిన కాంతిని గూడ కలిపినచో అది ఇంకను అధికము.

ఇందు గుణకారములు సులభములు. కష్టమంతయు దూరమును నిర్ణయించుటయందే కలదు. హెన్రియెటా లెవిట్ 1912లో ప్రకటించిన సెఫీడులను చంచలకాంతి తారల వెలుగు మారు కాలమునుబట్టి వాని నిజతేజస్సు తెలియునను నియమము నాధారముగా గొని, 1923లో ఆండ్రోమెడాయందే అట్టి తారను కనుగొన్న హబుల్, దాని దూరమును సుమారు తొమ్మిది లక్షల కాంతి సంవత్సరములని గణించెను. సెఫీడులు రెండు జాతులని గ్రహించిన వాల్టర్ బాడే 1952లో ఆ దూరమును రెట్టింపు చేసెను. ఆకాశమున అణుమాత్రమైనను మార్పు లేదు. అయినను దూరము రెట్టింపైనందున ఆండ్రోమెడా తేజస్సు మన గ్రంథములలో నాలుగు రెట్లయ్యెను!

కావున ఏ నక్షత్రవీథి తేజస్సును వ్రాసినను, అందుకు స్వీకరించిన దూరమును ప్రక్కనే వ్రాయుట గణకుని ధర్మమని నా దృఢవిశ్వాసము. అట్లు వ్రాసిననాడే మన లెక్కను సవరింప వచ్చు భావితరమువారికి ఎచ్చట చేయి పెట్టవలయునో తెలియును.