‘సమాధానం’: తెలుగు బైబిలులో ప్రార్థన, శాంతి – ఒక పరిశీలన

ప్రవేశిక

కష్టకాలంలో ప్రార్థన మనశ్శాంతినిస్తుందన్నది క్రైస్తవ సమాజంలో నిత్యం వినబడే మాట. దీనిని ఎదుర్కొన్నప్పుడు సాహిత్య పరిశోధకుడి ముందు రెండు సులువైన దారులుంటాయి. ఇది విశ్వాసుల వ్యవహారమని పక్కన పెట్టడం ఒకటి. బాధితుణ్ణి ఊరడించి నోరు కట్టేసే సాధనమని తోసిపుచ్చడం రెండవది. తెలుగు బైబిలు ఆ శాంతిని ఏ పదంతో చెప్పిందో ఈ రెండు దృష్టులూ పట్టించుకోవు. ఆ పదం ‘సమాధానము’. దాని అర్థవ్యాప్తిని, ప్రార్థనతో దానికిగల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదవిచారం

బహుళ ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు యెషయా 9:6లో రానున్న రాజును సమాధానకర్త అంటుంది. మత్తయి 5:9లో ధన్యులు సమాధానపరచువారు. యోహాను 14:27లో ‘శాంతి’ అనే మాట వాడినా, ఆ సంభాషణ ముగిసే 16:33లో ‘సమాధానము’ అనే ఉంది. నేటి వ్యవహారంలో సమాధానమంటే ప్రశ్నకు జవాబు. అందువల్ల కొత్త పాఠకుడికి ఈ ప్రయోగం కృతకంగా తోచవచ్చు.

వ్యుత్పత్తి మరోలా చెబుతుంది. ‘శమ్’ ధాతువు నుండి పుట్టిన శాంతి అణగడాన్ని, చల్లారడాన్ని సూచిస్తుంది. ‘సమ్+ఆ+ధా’ నుండి ఏర్పడిన సమాధానం చక్కగా కూర్చడాన్ని సూచిస్తుంది. సంధి, సమాధి దీని బంధువులే. హీబ్రూ ‘షాలోమ్’లోని ప్రధాన భావం లోటులేని సంపూర్ణత. చెదిరినదాన్ని తిరిగి కూర్చడం అనే అర్థంలో సమాధానమే దానికి చేరువ.

గ్రీకు మూలంలో శాంతికి ‘ఐరేనే’, సఖ్యతకు ‘కతల్లగే’ అని రెండు వేరు పదాలున్నాయి. రోమా పత్రిక 5వ అధ్యాయంలో ఈ రెండూ వస్తాయి. తెలుగు అనువాదం రెండింటినీ సమాధానమనే మాటలోనే ఇముడ్చుకుంది. ఫలితంగా తెలుగు పాఠకుడికి శాంతి ఒంటరి మనిషి లోపలి నిశ్చలతగా మిగలదు. తెగిన బంధం అతుక్కోవడంగా, ఇద్దరి మధ్య కుదిరే సంబంధంగా అది అందుతుంది.

ప్రార్థన స్వరూపం

ఈ సంబంధం మౌనంతో మొదలు కాదు. 13వ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే. మొదటి రెండింటిలోనే ‘ఇంకెంతకాలం’ అనే నిలదీత నాలుగుసార్లు వినిపిస్తుంది. తరువాత వేడుకోలు, చివర నమ్మకం. అయితే ఈ మధ్యలో శత్రువు తొలగినట్టు గాని, కష్టం తీరినట్టు గాని కీర్తనకారుడు ఎక్కడా చెప్పడు. పరిస్థితి మారినట్టు తెలియదు; మాట్లాడుతున్నవాడు మాత్రం మారాడు. 88వ కీర్తనలో ఆ మార్పు కూడా లేదు. అది చీకటిలోనే ముగుస్తుంది. ఊరటలేని ఆ మొరకు సైతం ప్రార్థనల సంపుటిలో చోటు దక్కడం గమనార్హం.

గెత్సేమనేలో యేసు ఆ గిన్నె తన నుండి తొలగిపోవాలని అడిగాడు. అది తొలగలేదు. అంటే జవాబు అనే అర్థంలో సమాధానం రాకపోయినా, కూర్పు అనే అర్థంలో సమాధానం సాధ్యమేనన్నది ఈ గ్రంథం సూచించే విషయం. ఈ రెండర్థాల మధ్య దూరమే క్రైస్తవ ప్రార్థనకు నెలవు.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక దీనికి మంచి ఉదాహరణ. పౌలు ఆ లేఖను బంధకాల్లో ఉండి రాశాడు. 4:7లో దేవుని సమాధానం హృదయాలకు కావలి ఉంటుందంటాడు. మూలంలోనిది సైనిక కాపలాను తెలిపే క్రియ. అనువాదం ఎంచుకున్న ‘కావలి’ పంటచేల గట్ల మీది మాట. కావలివాడున్నంత మాత్రాన దొంగలూ పశువులూ లేకుండా పోరు. చేను మాత్రం నిలుస్తుంది. కాపలా కింద ఉన్నవాడే కావలి గురించి రాయడంలో ఆ మాటకు బలం చేకూరింది.

ఒక అభ్యంతరం

‘సమాధానపడు’ అనే క్రియకు సరిపెట్టుకోవడం అనే అర్థం కూడా ఉంది. అన్యాయంతో సరిపెట్టుకొమ్మని చెప్పడానికి ఈ మాట అక్కరకు రాగలదు. ఈ ప్రమాదాన్ని తేలికగా తీసుకోరాదు. అయితే విమర్శకుడి కన్నా ముందే ప్రవక్త దీనిని పసిగట్టాడు. యిర్మీయా 6:14 లేని సమాధానాన్ని ఉన్నదని ప్రకటించేవారిని, గాయానికి పైపైనే వైద్యం చేసేవారిని దుయ్యబడుతుంది. అదే యిర్మీయా 29:7లో బబులోను చెరలో ఉన్నవారిని ఆ పట్టణం కోసం ప్రార్థించమంటాడు. అక్కడ షాలోమ్‌కు తెలుగు ‘క్షేమము’. ఇంటికి చేరే దారి లేనప్పుడు కూడా ప్రార్థన ఇరుగుపొరుగు వైపు తిరగాలన్నది దాని సారం.

ముగింపు

తెలుగు బైబిలులో శాంతి అంటే బాధ అణగిపోవడం కాదు, బాధలోనూ సంబంధం తెగకపోవడం. ఈ భావాన్ని మోస్తున్నది ‘సమాధానం’ అనే పదమే. బైబిలు తెలుగును కృత్రిమమని విడిచిపెడితే ఈ అర్థచరిత్ర మన నిఘంటువులకు, సాహిత్య చరిత్రకు దక్కకుండా పోతుంది. సరిపెట్టుకోవడానికీ సమాధానానికీ నడుమ గీతను చూపగలిగేది ఆ భాషను అక్షరం అక్షరం చదివే విమర్శే.