సీదీ అలీ ‘ముహీత్’: మౌసిమ్ విద్యపై ఒక పరిశీలన

ముస్లిముల నౌకావిద్య ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన రచయితలు ఒకే ఒక ముచ్చటను ముందుకు తెస్తారు. 1498లో వాస్కో డ గామాను మలిందీ నుండి కాలికట్‌కు చేర్చిన నావికుడు అహ్మద్ ఇబ్ను మాజిద్ అనేదే ఆ ముచ్చట. దీనికి ఆధారం మక్కా నివాసి కుత్బుద్దీన్ నహ్రవాలీ 16వ శతాబ్ది ఉత్తరార్ధంలో రాసిన చరిత్ర. ఆయన కథనంలో ఇబ్ను మాజిద్ మద్యం మత్తులో దారి చెప్పాడని ఉంది. గర్వంగా ఈ కథ చెప్పేవారు ఆ భాగాన్ని మాత్రం దాటవేస్తారు. పోర్చుగీసు చరిత్రకారులేమో ఆ నావికుణ్ణి గుజరాతీగా పేర్కొన్నారు. ఇబ్ను మాజిద్ గొప్పతనానికి ఈ కథతో పనిలేదు. అది హిజ్రీ 895 (క్రీ.శ. 1489-90) నాటి ఆయన ‘కితాబుల్ ఫవాయిద్’లో ఉంది. దానిని చదివే వారే అరుదు.

అయితే గామా ప్రయాణంలో గమనించదగిన సంగతి మరొకటి ఉంది. ఏప్రిల్ 24న మలిందీ విడిచిన ఆ నౌకలు మే 20 నాటికి కాలికట్ ముందు లంగరు వేశాయి. నెల తిరగకుండానే సముద్రం దాటారు. తిరుగు ప్రయాణంలో స్థానిక నావికుల మాట లేదు, అనువైన కాలమూ కాదు. అక్టోబరు 5న అంజిదీవ్ నుండి బయలుదేరిన వారు మలిందీ చేరింది 1499 జనవరి 7న. మూడు నెలల పాటు నడిసముద్రంలో చిక్కుపడగా, చిగుళ్లు వాచే వ్యాధితో చాలామంది చనిపోయారు. నౌకలు అవే, నావికులూ వారే. మారింది గాలి ఒక్కటే.

ఈ గాలి లెక్కకే అరబ్బు నావికులు ‘మౌసిమ్’ అని పేరు పెట్టారు. ఉర్దూ ‘మౌసమ్’ నేరుగా ఆ మాటే. ఆంగ్లేయులు రుతుపవనాలకు వాడే మాటకూ అదే మూలం. వేసవిలో భూభాగం వేడెక్కి నైరుతి గాలిని లాగుతుంది. శీతాకాలంలో అది తిరగబడి ఈశాన్యం నుండి వీస్తుంది. నైరుతి గాలి ఉద్ధృతంగా ఉండే నడివేసవి నెలల్లో సముద్రం ‘మూతపడుతుంది’. దానిని వారు ‘గల్క్’ అన్నారు. కనుక ఆ గాలిపై నడిచే ప్రయాణాలకు దాని మొదట కొన్ని వారాలు, చివర కొన్ని వారాలు మాత్రమే దక్కుతాయి. ఏ రేవు నుండి ఏ రేవుకు ఏ రోజున బయలుదేరాలన్నది తరతరాల అనుభవం కూడబెట్టిన లెక్క. నేటి నౌకాదళాలు శీతోష్ణ గణాంకాలు అంటున్నది ఇటువంటి దానినే.

సీదీ అలీ రయీస్ ‘ముహీత్’ను ఈ దృష్టితో చదవాలి. హిందూ మహాసముద్ర నౌకాయానంపై టర్కీ భాషలో పది అధ్యాయాలుగా సాగిన ఆ గ్రంథాన్ని ఆయన హిజ్రీ 962 ముహర్రంలో, అనగా 1554 డిసెంబరులో, అహ్మదాబాదులో ముగించాడు. ఆయన ఉస్మానీ నౌకాదళపతి. పీరీ రయీస్ బస్రాలో వదిలి వచ్చిన ఓడలను సూయజ్‌కు చేర్చవలసిందిగా సుల్తాన్ సులైమాన్ ఆజ్ఞాపించాడు. ఓడలు వదిలి వచ్చినందుకు పీరీకి మరణశిక్ష పడింది. తర్వాత ప్రయత్నించిన మురాద్ రయీస్ విఫలుడయ్యాడు. సీదీ అలీ 15 గేలీలతో 1554 జూలైలో బస్రా విడిచాడు. ఆగస్టులో ఒమాన్ తీరాన పోర్చుగీసు దళంతో రెండుసార్లు తలపడ్డాడు. రెండవ పోరు మస్కట్ సమీపంలో జరిగింది. అందులో ఆరు ఓడలు పోయాయి. మిగిలిన వాటిని తుఫాను సూయజ్ వైపు కాక గుజరాత్ తీరానికి నెట్టింది. అక్కడి నుండి ఆయన భూమార్గాన ఢిల్లీ, మధ్య ఆసియాల మీదుగా 1557లో స్వదేశం చేరాడు.

ఇంతటి నష్టం చూసిన మనిషి కొద్ది నెలల్లోనే నౌకాశాస్త్ర గ్రంథం రాయడమే ఆశ్చర్యం. ఇది ఇబ్ను మాజిద్, సులైమాన్ అల్ మహ్రీల రచనలకు తర్జుమా మాత్రమేనని కొందరు చిన్నచూపు చూస్తారు. ఆ మాట చాలా మేరకు నిజమే. కాని తాను ఎవరి గ్రంథాలపై ఆధారపడిందీ ఆయన పేర్లతో సహా చెప్పాడు. అనువాద వృత్తిలో ఉన్న మాబోటి వారికి ఆ నింద నిందగా తోచదు. అరబ్బు రేవుల్లో నోటి మాటగా, పద్యాలుగా ఉన్న విద్యను ఒక సామ్రాజ్య నౌకాదళం చదువుకోగల భాషలోకి తేవడం అల్పమైన పని కాదు.

అసలు విమర్శ వేరొక చోట ఉంది. సీదీ అలీ అజ్ఞానంతో సముద్రంలో దిగలేదు. బస్రాలో మౌసిమ్ కోసం ఐదు నెలలు ఆగానని, ఆ కాలమంతా నావికులతో సముద్ర విషయాలే ముచ్చటించానని ఆయనే రాసుకున్నాడు. మరి తెలిసి కూడా ఎందుకు ఓడాడు? ఈ ప్రశ్నకు ‘ముహీత్’ జవాబు చెప్పదు. అదే దాని పెద్ద లోపం.

మా అభిప్రాయంలో కారణాలు రెండు. మొదటిది ఓడ. ఇబ్ను మాజిద్ తేదీలు ఎత్తైన తెరచాపతో గాలిని పట్టుకు పోయే వర్తక నౌకలవి. మధ్యధరా సముద్రానికి తగినట్లు కట్టిన గేలీ తెడ్లతో నడిచేది, నీటికి దగ్గరగా ఉండేది, నిండా మనుషులను మోసేది. వర్తకుడు మౌసిమ్ చివరి అలలను తట్టుకోగల రోజున గేలీ తట్టుకోలేదు. ఒకే గాలి లెక్క అన్ని ఓడలకూ చెల్లదు. రెండవది శత్రువు. ఫలానా వారాల్లో ఓడలు మస్కట్ ముందు నుండి వెళ్లక తప్పదని నీకు తెలిస్తే, అది పోర్చుగీసు వారికీ తెలుసు. వారు సముద్రమంతా గాలించనక్కరలేదు. ఒక చోట కాచుకుంటే చాలు. వర్తకుడికి మౌసిమ్ రక్షణ. యోధుడికి అదే అతని రాకను ముందుగా చాటే దండోరా. సైనిక గ్రంథంగా ‘ముహీత్’ ఈ తేడాను గుర్తించి ఉండవలసింది.

మరొక చిక్కు తేదీలది. హిజ్రీ సంవత్సరం ఏటా దాదాపు 11 రోజులు వెనక్కు జరుగుతుంది. ఇబాదత్‌లకు అందులో గొప్ప హిక్మత్ ఉంది. రమజాన్ అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. గాలి లెక్కకు మాత్రం అది పనికిరాదు. అందుకే నావికులు 365 రోజుల ‘నైరూజ్’ సంవత్సరాన్ని పట్టుకుని, దాని మొదటి నుండి ఇన్నవ రోజు అని లెక్కించేవారు. కాని అందులో అధిక దినం లేదు; నాలుగేళ్లకు ఒక రోజు చొప్పున జారుతుంది. ‘ఫవాయిద్’ నుండి ‘ముహీత్’ దాకా గడిచిన 65 ఏళ్లలో ఆ జారుడు సుమారు 16 రోజులు. ప్రయాణానికి దొరికే గడువే కొద్ది వారాలైనప్పుడు 16 రోజులు తక్కువేమీ కాదు. పాత పట్టికను దిద్దకుండా దింపుకుంటే ప్రమాదం ఎంతటిదో ఊహించవచ్చు.

నేటి పరిస్థితిని ఇక్కడ తలచుకోవడం అప్రస్తుతం కాదు. 1847లో అమెరికా నౌకాదళాధికారి మౌరీ పాత ఓడల దినచర్య పుస్తకాలను పోగుచేసి గాలుల, ప్రవాహాల పటం వెలువరించాడు. 1853లో బ్రస్సెల్స్‌లో వివిధ దేశాలు ఒకే పద్ధతిన ఓడలపై వాతావరణం నమోదు చేయాలని నిర్ణయించాయి. నేడు మన హైదరాబాదులోనే, 1999లో స్థాపితమైన ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర స్థితిని ముందుగా తెలుపుతోంది. కాని పాత పట్టిక ప్రమాదం తీరలేదు. 2007 జూన్‌లో గోనూ తుఫాను, అరేబియా సముద్రంలో అంతకు ముందు నమోదు కానంత తీవ్రతకు చేరి, ఒమాన్‌ను తాకింది. గడచిన వందేళ్ల సగటు మాత్రమే చూసుకుని రేవు కట్టేవాడికి, దళం నడిపేవాడికి అటువంటిది లెక్కలో కనబడదు.

మన భాషల్లో ఈ విద్యపై జరిగిన కృషి కొద్ది. సయ్యిద్ సులైమాన్ నద్వీ ఉర్దూ గ్రంథం ‘అరబోఁ కీ జహాజ్‌రానీ’ ఆంగ్లానువాదం 1940 దశకం ఆరంభంలో హైదరాబాదు పత్రిక ‘ఇస్లామిక్ కల్చర్’లో వచ్చింది. ‘ఫవాయిద్’ను 1971లో టిబెట్స్ ఎంతో శ్రమతో ఆంగ్లీకరించాడు. తెలుగులో ఏమీ లేదు. బందరు అన్న పేరునే పారసీ నుండి తెచ్చుకుని, గోల్కొండ ప్రభువుల కాలంలో ఎర్రసముద్రానికి ఓడలు పంపిన తీరం మనది. అటువంటి భాషలో ఒక అధ్యాయమైనా లేకపోవడం విచారకరం.

ఎవరైనా పూనుకుంటే ఒక హెచ్చరిక. ‘కౌస్’ అన్న మాట మహాసముద్రంలో నైరుతి గాలి. పారసీక ఖాతంలో అదే పేరు ఆగ్నేయపు గాలికి. ‘అజ్‌యబ్’ బయటి సముద్రంలో ఈశాన్యపు గాలి. ఎర్రసముద్రంలో దక్షిణం వైపు నుండి వచ్చేది. నిఘంటువు చూసి ప్రతిచోటా ఒకే తెలుగు మాట వేస్తే ఓడ ఎదురుగాలికి పోతుంది. ఆ పేర్లను అరబ్బీలోనే ఉంచి, ఏ రేవు వద్ద ఏ దిక్కో పుటకింద చెప్పడం మేలు. నైరూజ్ సంఖ్యలను కూడా గ్రంథంలో ఉన్నట్లే ఉంచి, ఆ యేటి సౌర తేదీని పక్కన వేయాలి.